మడిబట్ట మీద పసుపు

పండితులంటే నాకు గౌరవం లేదని మా వీధి కుర్రాళ్ళు అనుకుంటూ ఉంటారు. లేకేం, ఉంది. నిద్రపోతున్న పండితులంటే మరీ గౌరవం. మెలకువగా ఉండి, నలుగురూ ఒకచోట చేరి, పక్కవాళ్ళ బతుకు గురించి నిర్ణయం చేద్దామని బాసింపట్టు వేసుకుని కూర్చున్నప్పుడే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో రాయమని బడిపిల్లలు మీరే అడిగారు కనుక రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. వాళ్ళ మనవలు ఇంకా ఆ ఇళ్ళలోనే ఉన్నారు. తాతల తెలివికి వాళ్ళేం చేస్తారు పాపం.

గోదావరికి ఆనకట్ట కట్టి, కోనసీమలో కొత్తగా కాలవలు తవ్విన రోజులవి. నేను రాజమహేంద్రవరంలో ఒక దొర ఆస్పత్రిలో మందులు కలపడం, ద్రావకాలు దించడం నేర్చుకుని, ఆ దొర స్వదేశం వెళ్ళిపోతే పనిలేక కూర్చున్నాను. అప్పుడు కొత్తపేట దగ్గర ఒక షావుకారు నన్ను గుమస్తాగా పిలిపించాడు. కంసాలులు బంగారంలోంచి వెండిని విడదీయడానికి ఒక ఘాటు ద్రావకం వాడతారు. అది ఎక్కడో దూరం నుంచి వస్తోంది, మన కాలవ గట్టునే తయారుచేస్తే పడవల మీద కోనసీమంతా పంపొచ్చు కదా అని ఆయనకి ఆలోచన పుట్టింది. ఆలోచన మంచిదే. ఆయన బుర్రలో పుట్టినవాటిలో మంచిది అదొక్కటే. ఆ తరవాత పుట్టినవన్నీ నేను దగ్గరుండి చూశాను.

మా పని ఇదీ. పెట్లుప్పుని, అంటే సురేకారాన్ని, అన్నభేది అనే ఇనప ఉప్పుతో కలిపి మట్టి బానలో వేసి, మూత బిగించి, కింద మంట పెడతాం. కాసేపటికి బానలోంచి ఇటుకరంగు పొగ లేస్తుంది. ఆ పొగని గొట్టంలోంచి నీళ్ళున్న కుండలోకి పోనిస్తే నీటితో కలిసి ద్రావకం అవుతుంది. పొగ, నీళ్ళు, ద్రావకం, అంతే. వేదం మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ చెప్పగలిగిన వాళ్ళకి ఈ మూడు ముక్కలు బుర్రకెక్కించలేక నేను పడ్డ అవస్థే ఈ కథంతా. ఆ పొగకి మీ బడి పుస్తకాల్లో నత్రజని పేరు కలిపి ఏదో పెట్టారట. మేము ఎర్రపొగ అనేవాళ్ళం.

గొట్టం అతుకుల దగ్గర గుడ్డపేలిక చుట్టి బంకమన్ను మెత్తేవాళ్ళం. ఎంత మెత్తినా కొంత పొగ బయటికి వచ్చేది. ఎండాకాలంలో అది పైకి లేచి ఎటో చెదిరిపోయేది, ఎవరికీ బాధ లేదు. శీతాకాలంలో సంగతి వేరు. పుష్యమాసంలో మన మంచు మీకు తెలుసు కదా. కాలవ మీంచి లేచి, కొబ్బరితోటల్లో దూరి, పొద్దు బారెడెక్కేదాకా కదలదు. గాలి నిండా నీటి ఆవిరే. ఎర్రపొగ ఆ ఆవిరిలోకి వెళ్తే ఇక దానికి మా కుండతో పనేమిటి? మేము కుండలో చేసే ద్రావకం గాలిలోనే తయారై, మంచుతో పాటు దిగి, తడిగా ఏది దొరికితే దాని మీద చేరుతుంది. ఇత్తడి మీద చేరితే చిలుము పడుతుంది. నూలుగుడ్డకి రంగు అంటదు కానీ నెమ్మదిగా చివికిపోతుంది. పట్టుకీ, ఉన్నికీ, మనిషి చర్మానికీ మాత్రం పసుపురంగు పట్టుకుంటుంది. నా వేళ్ళు ఎప్పుడూ పచ్చగానే ఉండేవి. కుంకుడుకాయతో తోమినా, చింతపండుతో తోమినా పోదు. ఆ తోలు ఊడి కొత్త తోలు రావాల్సిందే.

బట్టీ ఇళ్ళకి దూరంగా పెడదామని మొదట్లోనే షావుకారుతో చెప్పాను.

"మనం అద్దెకి పుచ్చుకున్నది దొడ్డండీ గుమస్తాగారూ. గాలి దేవుడిది. దాని పెత్తనం మనకెందుకండీ?" అన్నాడాయన. ఇంత వేదాంతం మాట్లాడినవాడు తను మాత్రం ఎన్నడూ బట్టీ దగ్గరికి వచ్చేవాడు కాదు. ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని కాలవ అవతలి గట్టు నుంచే కేకలు వేసేవాడు.

ఆ దొడ్డి అద్దెకిచ్చింది ఊళ్ళో అందరికంటె పెద్ద పండితుడు. ఆయన వేదం చెబుతుంటే వినడానికి కంచుగంట మోగినట్టు ఉండేది. వేదం ఆపి సొంత మాటలు మొదలుపెడితేనే వచ్చేది చిక్కు. దొడ్డికి కంచె అవతల ఆయన పెరడు. ఆ ఇంట్లో వంట చేసేది ఆయన చనిపోయిన తమ్ముడి భార్య. వయసు ముప్ఫై దాటి ఉండదు. పిల్లలు లేరు, పుట్టింట్లో దిక్కు లేదు. తలమీద ముసుగు, ఒంటిమీద తెల్లబట్ట. వేదం చదువుకునే శిష్యులందరికీ రెండుపూటలా వండి వార్చేది ఆవిడే.

ఆవిడకి వంటమడికి ఒకే ఒక తెల్ల పట్టుబట్ట ఉండేది. పట్టుబట్ట రోజూ తడపనక్కర్లేదని తెలిసినవాళ్ళు చెబుతారు. ఆ ఇంట్లో మగవాళ్ళ పట్టుపంచెలకి ఆ శాస్త్రం వర్తించేది, విధవరాలి బట్టకి వర్తించేది కాదు. అది రోజూ తడపాలి. తడిపిన బట్ట ఇంట్లో దండెం మీద ముత్తయిదువుల చీరల పక్కన ఆరేయకూడదు. అందుకని పెరటి చివర, మా కంచె పక్కన, ఆవిడకి వేరే దండెం కట్టించారు. సాయంకాలం తడిపి, కర్రతో పైకెత్తి ఆరేసేది. తెల్లవారుజామున స్నానం చేసి అదే కర్రతో దించుకుని కట్టుకునేది. ఊరంతటికీ మా పొగకి అందరికంటె దగ్గరగా, రాత్రల్లా మంచులో తడుస్తూ ఉండే పట్టుబట్ట అదొక్కటే. ఎవరు ఉంచారు అక్కడ? వాళ్ళ ఆచారమే ఉంచింది.

పుష్యమాసం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే కంచె అవతల గోల వినిపించి వెళ్ళి చూశాను. పెరట్లో పండితుడు, ఆయన భార్య, అరుగు మీద కూర్చునే పెద్దమనుషులు నలుగురు. మధ్యలో ఆవిడ. తెల్లపట్టు మీద అంచుల వెంటా, దండెం మీద మడతపడ్డ చోటా పసుపుచారలు. కట్టుకున్నప్పుడు ఆ మడత సరిగ్గా మెడా భుజాల మీదికి వస్తుంది.

విధవరాలి మెడ దగ్గర పసుపు! ఆ రోజుల్లో ఆ మాటకి అర్థం మీకు తెలియదు. మొగుడు పోయిన మనిషి ఎవరి కోసమో చాటుగా పసుపు రాసుకుంటోందని అర్థం. అలా అని తేలితే వెలి వేస్తారు. ఊళ్ళో నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు. పుట్టిల్లు లేని మనిషికి ఇక కాలవ గట్టే గతి.

"ఏమిటిది?" అన్నాడు పండితుడు.

"నాకు తెలీదండీ బావగారూ."

"తెలీదుట! పసుపు దానంతటది నడిచొచ్చి నీ బట్టెక్కిందా?"

"ఎక్కినట్టే ఉందండీ. నేను మటుకు ఎక్కించలేదు" అంది ఆవిడ. కళ్ళల్లో నీళ్ళున్నాయి కానీ గొంతు వణకలేదు. అది వాళ్ళకి ఇంకా మంటెక్కించింది.

పెద్దమనుషుల్లో ఒకాయన తెలివిగలవాడు. తెలివిగలవాళ్ళతోనే ప్రమాదం. "పసుపు అవునో కాదో తేల్చడం ఎంతసేపండీ? సున్నం రాస్తే ఎర్రబడుతుంది కదా" అని తాంబూలం పెట్టెలోంచి సున్నం తీసి పచ్చమరక మీద రుద్దాడు. పసుపూ సున్నం కలిస్తే పారాణి. అది ఎంత ఎరుపో వాళ్ళలో పెళ్ళయిన ప్రతివాడికీ తెలుసు. ఇక్కడ మరక ఎర్రబడలేదు, ముదురు నారింజరంగుకి తిరిగి ఆగిపోయింది. నలుగురూ ముందుకి వంగి చూశారు. చూసి, "ఎర్రబడిందండోయ్!" అన్నారు ఒకే గొంతుతో. ఏం చూడాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వచ్చిన కళ్ళకి రంగులతో పనేముంది?

ఇక ఊరుకోలేకపోయాను. కంచె ఇవతల నుంచే పొగ సంగతి చెప్పాను, మంచు సంగతి చెప్పాను, పట్టుకీ చర్మానికీ పట్టే రంగు సంగతి చెప్పాను. వాళ్ళు నన్ను పంచాంగంలో లేని పండగని చూసినట్టు చూశారు. నోటిమాట చాలదేమో, కంటికి చూపిద్దామని నా రెండు చేతులూ కంచె మీంచి చాపాను. "ఇదిగోనండీ, నా వేళ్ళు చూడండి. నేను కూడా పసుపు రాసుకుంటున్నానా? ఇదీ అదీ ఒకటే రంగు. అచ్చం ఒకటే."

చూశారు. నా వేళ్ళు చూశారు, ఆవిడ బట్ట చూశారు. మళ్ళీ నా వేళ్ళు చూశారు. వాళ్ళ మనసులో ఏం మెదులుతోందో నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది.

"ఒకటే రంగు. నిజమే" అన్నాడు పండితుడు నెమ్మదిగా. "వాడి చేతుల రంగే దీని భుజాల మీదా ఉంది. ఇంకేం సాక్ష్యం కావాలండీ?"

ఛీ! నలభై ఏళ్ళు దాటినా ఆ మాట తలుచుకుంటే నాకు నోరు చేదుగా అవుతుంది. రసాయనం విప్పి చేతిలో పెడితే, అందులోంచి రంకు వెతికి తీశారు! అలాంటి బుర్రలు తయారు కావడానికి ఎన్నేళ్ళు చదవాలో నాకు తెలియదు.

"బావగారూ, ఆ బాబు కంచె దాటి రావడం మీరెప్పుడైనా చూసేరా అండీ?" అని అడిగింది ఆవిడ.

"నోర్ముయ్."

అదీ జవాబు. అంతకంటె శాస్త్రప్రమాణం ఆయన దగ్గర లేదు.

ఆవిడని పశువుల పాకలోకి తోశారు. వెలి వెయ్యడమంటే చిన్న విషయం కాదు కనుక, రామచంద్రపురం వైపు నుంచీ అమలాపురం నుంచీ పెద్దపండితులని పిలిపించి సభ చేద్దామన్నారు. షావుకారు నాకు కబురుపెట్టాడు, ఈసారి నిజంగానే కాలవ దాటి వచ్చాడు.

"చూడండి గుమస్తాగారూ, సభలో మీరు ఆ పొగ మాట ఎత్తకండి. పొగ అని తేలితే బట్టీ తియ్యమంటారు."

"తేలకపోతే ఆవిడని ఊళ్ళోంచి తీసేస్తారండీ. నన్నూ కలిపి."

"మీకేమండీ, మగాళ్ళు. ఎక్కడికెళ్ళినా బతుకుతారు. ఆవిడ సంగతంటారా, కర్మ" అని నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు విని ఆయనకి గుండె ఉందనుకునేరు. ఆయాసం.

మర్నాడు కంచె దగ్గర ఆవిడ పేడతట్ట దించుతూ, నా వైపు చూడకుండానే మాట్లాడింది. "మీ పొగ మాట నిజమేనా బాబూ?"

"నిజమేనమ్మా."

"అయితే మా ఇంట్లో ఇన్ని పట్టుబట్టలుండగా అది నా బట్టనే ఎందుకు పట్టుకుందండీ?"

"మీదొక్కటే ఇక్కడ ఆరేస్తున్నారు కదమ్మా. మిగతావన్నీ లోపలే ఉన్నాయి."

ఆవిడ కాసేపు ఆ ఖాళీ దండెం వైపు చూసి, "అంటే వాళ్ళవి కూడా ఇక్కడ ఆరేస్తే...?" అని ఆగింది. నేను తలూపాను. ఆవిడ తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సభకి ముందురోజు సాయంత్రం పండితులు పడవ దిగారు. పడవలో ఎవరెవరు తగిలారో, ఏ మూటలు తగిలాయోనని దిగీ దిగగానే కాలవలో తలస్నానాలు చేసి, తెచ్చుకున్న పట్టుపంచెలన్నీ తడిపించారు. ఇంటి లోపలి దండెం పెద్దవాళ్ళ పంచెలతో నిండిపోయింది. గృహస్థు కనుక మర్యాదకి మన పండితుడు అతిథులకి చోటిచ్చి తన పంచె బయటికి తెచ్చుకున్నాడు. మిగిలింది పెరటి దండెమే. విధవరాలి దండెమాయె, ఎలా? పేడనీళ్ళు చల్లి శుద్ధి చేయించారు. పాకలో ఉన్న ఆవిడే ఆ పేడనీళ్ళు కలిపి ఇచ్చిందని తరవాత నాకు తెలిసింది. అయిదారు పట్టుపంచెలు మా కంచె పక్కన వరసగా వేలాడాయి. చూసి నాకు ఆకలి కూడా వెయ్యలేదు, అంత సంతోషం.

తెల్లవారుజామున ఎదురుగా ఉన్న మనిషి కనపడనంత మంచు. బట్టీ మంట చూసే అతను పడవలవాళ్ళ కుటుంబంలోవాడు. నిండా పోసిన బాన కింద మంట ఎగదోసి, అలవాటు ప్రకారం బంకమన్ను ముద్ద పట్టుకుని వచ్చాడు.

"అతుకులు మెత్తెయ్యనా అండీ?"

"వద్దు."

"పొగంతా బయటికే పోద్దండి మరి."

"పోనీ."

"ఆయ్" అని ముద్ద కింద పడేసి, నా మొహం ఒకసారి చూసి, గాలికి ఎదురుగా వెళ్ళి కూర్చున్నాడు.

ఎర్రపొగ నేలబారుగా కంచె కిందనుంచి పాకి, మంచులోకి వెళ్ళి తెల్లబడిపోయింది. ఇక కంటికి ఏమీ కనపడదు. అవతల ఎవరో దగ్గారు, ఎవరో శిష్యుణ్ణి తిట్టారు. ఆ పొగ నేనే వదిలాను. తప్పు ఒప్పుకుంటున్నాననుకునేరు, గొప్పగా చెబుతున్నాను.

మసకచీకట్లోనే పంచెలు దించుకుని, కట్టుకుని, సంధ్యలు వార్చుకుని, చావట్లో సభ తీర్చారు. ముద్దాయిని కనుక నన్ను గుమ్మం బయట నిలబెట్టారు. ఆవిడ లోపలి తలుపు చాటున. అందరికంటె పెద్దాయన, లోపలి దండెం దక్కినవాడు, గొంతు సవరించుకుని "విధవాధర్మములు" అని మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. సంస్కృతం బాగుంది. ఆయన చెబుతుండగానే మంచు విచ్చి, తూర్పు గుమ్మంలోంచి ఎండ నేరుగా చావట్లో పడింది.

మొదట చూసింది ఒక శిష్యుడు. కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. పక్కాయన వాణ్ణి కసరబోయి, ఎదుటాయన మోకాళ్ళ వైపు చూసి ఆగిపోయాడు. ఎదుటాయన ఈయన తొడల వైపు చూస్తున్నాడు. ఒక్కొక్కరే కిందికి చూసుకున్నారు. దండెం మడత పడ్డ చోట అడ్డంగా పచ్చచార. అంచుల వెంట పచ్చచార. మన పండితుడి పంచె అన్నిటికంటె కంచెకి దగ్గరగా ఆరింది, అది పెళ్ళికొడుకు బట్టలా ఉంది.

"అయ్యా, సున్నం తెప్పించండి. పసుపేమో తేలుద్దాం" అన్నాను గుమ్మం బయట నుంచి.

అందరికంటె పెద్దాయన తన తెల్లటి పంచె ఒకసారి చూసుకుని, "తెప్పించండి" అన్నాడు. ఆయనకేం భయం? అదే తాంబూలం పెట్టె, అదే సున్నం. మొన్న రుద్దిన వేలే మన పండితుడి పంచె మీద రుద్దింది. అదే నారింజరంగు.

"ఎర్రబడలేదే" అన్నాడు ఆ తెలివిగలాయన.

"బొత్తిగా ఎర్రబడలేదండీ" అన్నారు మిగతావాళ్ళు.

"మరి మొన్న ఎర్రబడిందన్నారు కదండీ?" అని తలుపు చాటు నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఆ రోజు రాత్రి వెలుతురు సరిగ్గా..." అని ఒకాయన గొణిగి, అది రాత్రి కాదని గుర్తొచ్చి నీళ్ళు నమిలాడు. చివరికి పెద్దాయన నిర్ణయం చెప్పాడు. ఇది హరిద్ర కాదు, ధూమము. ధూమం వల్ల పట్టుకి వచ్చిన వికారము. ఎవరికీ దోషం లేదు, పుణ్యాహవాచనం చాలు. బట్టీ ఆ దొడ్డిలోంచి తీసివెయ్యాలి. నలుగురూ "సాధు సాధు" అన్నారు.

మీరు చదువుకున్న పిల్లలు, నిజం గెలిచిందని చప్పట్లు కొడతారేమో. వాళ్ళు నమ్మింది నిజాన్ని కాదు, వాళ్ళ పంచెల్ని. ఆవిడ బట్ట పచ్చబడితే శీలం పోయింది, వాళ్ళ బట్టలు పచ్చబడితే పొగ పుట్టింది. లోపలి దండెం ఇంకో రెండు బారలు పొడుగుండి ఉంటే ఆవిడ ఆ సాయంత్రమే కాలవ గట్టున ఉండేది. ఆవిడతో ఒక్కరంటే ఒక్కరు "పొరపాటైందమ్మా" అనలేదు. పండితుడు తలుపు వైపు తిరిగి, "సరే, వెళ్ళి మడి కట్టుకుని వంట చూడు, అందరికీ ఆలస్యమవుతోంది" అన్నాడు. అంతే.

షావుకారు మర్నాడే నన్ను పనిలోంచి తీసేశాడు. బట్టీని గోదావరి మధ్య లంకలోకి మార్చుకున్నాడు. అక్కడ పొగ ఎవరి మీద పడిందో ఎవరూ విచారించలేదు, అక్కడ పట్టుబట్టలు లేవు. నేను ధవళేశ్వరం వెళ్ళి కార్ఖానాలో కుదిరాను.

కొన్నేళ్ళకి పని మీద మళ్ళీ అటు వెళ్తే, ఏదో తద్దినం, నన్ను కూడా భోజనానికి పిలిచారు. పిలిచింది పండితుడు కాదు, ఆవిడే కబురుపెట్టిందట. చావట్లో రెండు వరసలు విస్తళ్ళు. రామచంద్రపురం నుంచి వచ్చిన కొత్త చుట్టాలు నాలాగే చివర కూర్చున్నారు. ఆవిడ నేతిగిన్నె పట్టుకుని వడ్డనకి వచ్చింది. తలమీద అదే ముసుగు. ఒంటిమీద అదే పట్టు, మెడా భుజాల మీద అదే పసుపు. ఎండలకి కాస్త ముదిరింది కూడా. పారెయ్యమని, వేరే తెల్లపట్టు ఇస్తామని వాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా, "పొగే కదండీ, దోషం లేదని సభ తేల్చింది కదండీ" అని అదే కట్టుకుంటోందట. సభ మాట కాదనడానికి ఆ ఊళ్ళో ఎవరికి గుండెలున్నాయి?

కొత్త చుట్టాల్లో ఒక ముసలాయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. ఆవిడ వైపు చూసి, పండితుడి వైపు చూసి, "ఏమండీ, ఆవిడ... మరి ఆ పసుపేమిటండీ?" అన్నాడు.

పండితుడు విస్తట్లోకి తల వంచుకుని, "పసుపు కాదండీ, పొగ" అన్నాడు గొంతులోనే.

ఆవిడ నేతిగిన్నెతో వరస మధ్యలో ఆగి, అందరికీ వినపడేలా అంది. "కాస్త గట్టిగా చెప్పండి బావగారూ, చివర కూర్చున్నవాళ్ళకి వినపడలేదు."